కిన్నెర మీద సినిమా పాట

సినిమా పత్రికలో కిన్నెర ముచ్చట ఏమిటని విసుక్కోకండి. చివరికి సినిమా దగ్గరికే వస్తాను. కాకపోతే మధ్యలో అమెరికా మీదుగా ఒక చుట్టు తిరిగి రావాలి. కాస్త ఓపిక పట్టండి.

మాది బిజినేపల్లి. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా అంటున్నాం గానీ, నేను చెప్పబోయే రోజుల్లో పాలమూరు జిల్లానే. అది 1977. ‘అడవి రాముడు’ ఊరూరా మోగిపోతున్న సంవత్సరం. నాకు పదహారేళ్ళు. చదువు అంతంత మాత్రం, సినిమా పాటలంటే ప్రాణం. ఇంట్లో రేడియో లేదు. ఊళ్ళో చాయ్ హోటల్లో ఉండేది. ఒక్క చాయ్ తాగి మూడు గంటలు బల్ల వదలని నాబోటి వాళ్ళను ఆ హోటలాయన ఎలా భరించాడో ఇప్పటికీ ఆశ్చర్యమే!

ఒక సాయంత్రం హోటలు ముందుకు కిన్నెర వాయించే పెద్దాయన వచ్చాడు. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరబుర్రలు, మెట్లను అతికించిన తేనె మైనం, కొసకు నెమలి ఈకలు. తీగ సవరించుకుని పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు. సాయన్న అంటే మా పాలమూరు వీరుడు. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడని మా పక్క పల్లెలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. కథ సగానికి వచ్చిందో లేదో, రేడియోలో ‘అడవి రాముడు’ పాట మొదలైంది. లేచి రేడియో గొంతు పెంచింది ఎవరనుకున్నారు? నేనే.

ఆయన కోపం తెచ్చుకోలేదు. కిన్నెరను ఒళ్ళో పెట్టుకుని పాట అయిపోయేదాకా ఆగాడు. తర్వాత చూడాలి! అదే పాట పల్లవిని ఆ తీగ మీద లాగి వినిపించాడు. ఈలలే ఈలలు. నేను జేబులోంచి పది పైసలు తీసి ఆయన చేతిలో పెట్టాను.

“ఇది మీ పాట కొడుకా. ఇగ నా పాట ఇనుండ్రి” అన్నాడాయన.

ఈలోగా రేడియోలో ఇంకో పాట వచ్చింది. మేము అటు తిరిగాం. మళ్ళీ ఇటు చూసేసరికి ఆయన లేడు.

ఈ సంగతి నలభై ఏళ్ళు మరిచేపోయాను. గుర్తు చేసింది అమెరికాలో, నాష్‌విల్ ఊళ్ళో ఉద్యోగం చేసే మా మేనల్లుడు. “మామా, నీకు పాటల పిచ్చి గదా, ఈళ్ళ పల్లె పాటలు ఎట్లుంటయో జూడు” అంటూ ఫోనుకు కొన్ని పాత వీడియోలు పంపించాడు. ఆ ప్రోగ్రాం పేరు ‘హీ హా’. అంటే గాడిద ఓండ్రింపు! పేరులోనే వెక్కిరింత ఉంది చూశారూ?

1969లో సీబీఎస్ అనే పెద్ద టీవీ కంపెనీ దాన్ని మొదలుపెట్టింది. బక్ ఓవెన్స్, రాయ్ క్లార్క్ అనే ఇద్దరు పాటగాళ్ళు నడిపించేవారు. కాసేపు పాట, కాసేపు జోకు. మొక్కజొన్న చేలోంచి మనుషులు తలలు పైకెత్తి ఒక జోకు విసిరి మళ్ళీ మునిగిపోతారు. చూసే జనం దండిగానే ఉన్నారు. అయినా 1971లో సీబీఎస్ తన పల్లెటూరి ప్రోగ్రాములను వరసపెట్టి ఆపేసింది. ప్రకటనలిచ్చే వాళ్ళకు పట్నం కుర్రకారు కావాలట! వీళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఒక్కొక్క స్టేషన్‌కు విడిగా అమ్ముకుంటూ ఇంకో ఇరవై ఏళ్ళు లాగించేశారు.

ఆ చేలో దిష్టిబొమ్మ వేషం కట్టి జోకులు చెప్పే సన్నటి మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు స్ట్రింగ్‌బీన్. ఈయన ఒకప్పుడు బిల్ మన్రో బృందంలో బాంజో వాయించిన మనిషని తెలిశాక నాకు నవ్వు రాలేదు. బిల్ మన్రో ఎవరంటారా? కెంటకీ పల్లెల నుంచి వచ్చిన మాండొలిన్ విద్వాంసుడు. ఆయన బృందం పేరు ‘బ్లూ గ్రాస్ బాయ్స్’. ఆ పేరు మీదుగానే ఆ సంగీతానికి బ్లూగ్రాస్ అని పేరొచ్చింది. కోటూ టోపీతో పెద్దమనిషి తరహాలో కచేరీలు చేసే ఆయన కూడా ఈ ప్రోగ్రాంకు అతిథిగా వచ్చాడు. ఆ జోకుల మధ్య, ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో వాయించి వెళ్ళాడు.

సినిమా మహిమ కూడా చెప్పాలి. ఆయన దగ్గరే 1945లో చేరి, మూడు వేళ్ళతో బాంజో మీటి పేరు తెచ్చుకున్న ఎర్ల్ స్క్రగ్స్, తర్వాత విడిపోయి 1949లో ఒక బాణీ రికార్డు చేశాడు. 1967లో ‘బానీ అండ్ క్లైడ్’ సినిమాలో దాన్ని వాడేసరికి, పల్లె మొహం చూడని వాళ్ళ చెవిన కూడా పడింది.

అన్నట్టు, ఆ బాంజో పుట్టుక ఎక్కడో తెలుసా? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళు సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాయిద్యం అది. సొరబుర్ర అనగానే నాకు చాయ్ హోటలు ముందు నిలబడ్డ పెద్దాయన కళ్ళకు కట్టాడు.

దాంతో పాటే మా అమ్మ మాట కూడా. మన మా టీవీలో ‘రేలా రే రేలా’ అని జానపద పాటల పోటీ వచ్చేది, గుర్తుందా? మా పక్క గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న న్యాయనిర్ణేతల్లో ఒకరు. మా అమ్మ కళ్ళార్పకుండా చూసేది. ఒకనాడు నాట్ల పాట వస్తుంటే, “మంచిగనే పాడుతుండ్రు బిడ్డా. గని నిలవడి పాడుతుండ్రు. నాటేసేటప్పుడు వంగి పాడుతం, ఊపిరి వేరే ఉంటది. మడి అయ్యేదాక పాట అయిపోదు. గీళ్ళది గింతల్నే అయిపాయె” అంది. టీవీ మర్యాద చేస్తుంది, కాదనను. కాకపోతే గడియారం చూసుకుంటూ చేస్తుంది.

ఇక సినిమాకు వస్తాను. 2021 సెప్టెంబరు 2న ‘భీమ్లా నాయక్’ పాట విడుదలైంది. సంగీతం తమన్. మొదట్లో కాసేపు కిన్నెర వాయిస్తూ కథానాయకుడి వంశం చెప్పిన మనిషి దర్శనం మొగులయ్య. మా జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర. తరతరాలుగా ఆ తీగ మీదే బతికిన డక్కలి కుటుంబం. మరుసటి ఏడు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆనాడు మా ఊరికి వచ్చినాయన ఈయన కాదు. కానీ చెవికి అదే తీగ, అదే సొరబుర్ర!

పాట మోగుతుంటే మా మనవరాలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “తాతా, ఇదేందో కొత్త వాయిద్యం!”

కొత్తది కాదమ్మా అని చెప్పబోయి, పండుగ సాయన్న కథ మొదలుపెట్టాను. బాగానే సాగింది. సగందాకా వచ్చి ఆగిపోయాను.

“తర్వాత ఏమైంది తాతా?”

తర్వాత ఏమైందంటే, నేను రేడియో గొంతు పెంచాను. ఆ మాట పిల్లకు చెప్పలేకపోయాను. “ఫోన్లో మొగులయ్య పాడింది ఉంటే పెట్టు, ఇద్దరం విందాం” అన్నాను. ఆ రాత్రి తాతా మనవరాళ్ళం మధ్యలో ఎక్కడా ఆపకుండా చివరిదాకా విన్నాం.

ఆనాటి పది పైసలు ‘అడవి రాముడు’ పాటకు ఇచ్చాను. సాయన్న కథ తాలూకు బాకీ మాత్రం అలాగే ఉంది.