మంచుకు పండే పంట... మట్టికి దక్కని పేరు!

ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో వైన్ చేసే కుటుంబాలు సీసా మీద ద్రాక్ష రకం కన్నా ఊరి పేరునే ఘనంగా రాసుకుంటాయి. నేల, వాన, ఎండ, చలి కలిసి ఇచ్చే ఆ రుచిని వాళ్లు ‘టెర్వార్’ అంటారు. మనకు అంత పెద్ద మాట అక్కర్లేదు. ‘ఆ మట్టి గుణం’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. ఆ గుణమేంటో కళ్లారా చూడాలంటే కార్తీక మాసంలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లాలి. ద్రాక్షతోటల కోసం కాదు... పప్పుశనగ చేల కోసం!

ఊరి పేరే రాయి పేరు

నంద్యాల దాటి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎడమవైపు నల్లమల మనతోపాటే నడిచొస్తుంది. కుడివైపు దూరంగా ఎర్రమల. నడుమ కుందూ నది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయల్దేరిన కేసీ కాలువ కూడా ఈ లోయ గుండానే కడప వైపు సాగుతుంది. కాలువ నీళ్లందిన చోట వరి, అందని చోట పప్పుశనగ, జొన్న, కంది.

ఇక్కడి రాళ్లకు భూగర్భ శాస్త్రవేత్తలు ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగు నుంచి పైకి... బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల! విలియం కింగ్ 1872లోనే ఈ రాతి పొరల మీద గ్రంథం రాశాడు. అన్నిటికన్నా పైనున్న నంద్యాల పలకరాయి, దాని కింది సున్నపురాయి యుగాలుగా నలిగి నలిగి నల్లరేగడిగా మారాయి.

ఈ మట్టి వేసవిలో పిల్లాడి చెయ్యి దూరేంతగా నెర్రెలిస్తుంది. పైమట్టి ఆ నెర్రెల్లో పడుతుంది. వాన రాగానే నేల ఉబ్బి మళ్లీ మూసుకుంటుంది. అంటే తనను తానే దున్నుకునే నేలన్నమాట. తాగిన నీటిని ఓ పట్టాన వదలదు కూడా.

వాన వెళ్లాక విత్తనం

ఎక్కడైనా వాన రాగానే విత్తుతారు. ఇక్కడ వాన వెళ్లేదాకా ఆగుతారు. ఆగస్టు, సెప్టెంబరు వానల్ని నేల కడుపులో దాచుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో పదును చూసి పప్పుశనగ వేస్తారు. చాలాచోట్ల ఆ తర్వాత ఒక్క తడీ ఉండదు. ‘మంచుకు పండే పంట’ అంటారు రైతులు. నిజానికి దాన్ని బతికించేది వేళ్ల కింది పదునే. చలి, మంచు ఆ పదును తొందరగా ఆరిపోకుండా కాస్తాయి.

తెల్లవారుజామున శనగాకు తుంచి నాలుక మీద పెట్టుకోండి... పుల్లగా ఉంటుంది. ఆకు మీది సన్నని నూగు నుంచి ఊరే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల పులుపది. పచ్చి ద్రాక్షలో ఉండేదీ ఆ మాలిక్ ఆమ్లమే! పూర్వం మన దేశంలో రాత్రిపూట చేలో గుడ్డ పరిచి, ఆ పులుపును పిండుకుని మందుగా వాడేవారు. శనగపచ్చ పురుగుకు ఈ పులుపే కొంత అడ్డు.

పొట్టి చలికి పొట్టి పంట

ఉత్తరాదిలో చలి ఎక్కువ రోజులుంటుంది. అక్కడ పప్పుశనగ తీరిగ్గా పెరుగుతుంది. మన దగ్గర సంక్రాంతి దాటితే ఎండ ముదురుతుంది, పదును అడుగంటుతుంది. అందుకే వంద రోజుల్లో చేతికొచ్చే రకం కావలసి వచ్చింది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. ఆ తర్వాత పదేళ్లలో ఆంధ్ర నల్లరేగళ్లలో ఈ పంట అల్లుకుపోయింది. 1906లో మొదలైన నంద్యాల పరిశోధన స్థానం సొంత రకాలూ ఇచ్చింది. వాటిలో ఎన్‌బీఈజీ 47 నిటారుగా పెరుగుతుంది, యంత్రంతో కోసుకోవచ్చు. నంద్యాల తెల్లజొన్నలు, ‘సూర్యనంది’ కొర్ర కూడా ఇక్కడి బిడ్డలే.

కానీ ఇదంతా ఒక్క పదును మీద పెట్టిన పందెం. సెప్టెంబరు వాన ముఖం చాటేస్తే విత్తనం మొలవదు. నవంబరు తుపాను విరుచుకుపడితే మొలిచింది కుళ్లిపోతుంది. వేడి ముందే వస్తే ఎండు వేరుకుళ్లు అందుకుంటుంది, గింజ నవిసిపోతుంది. ఎకరాకింతని ముందే కౌలు ఒప్పుకున్న రైతుకు నేల మన్నించినా లెక్క మన్నించదు. ధర పడిపోయిన ఏడాది బస్తాలు గోదాముల్లో మగ్గాల్సిందే.

పేరుంటే విలువ

ఇదే జిల్లాలోని బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పుట్టిల్లుగా బనగానపల్లె, పాణ్యం, నంద్యాల ప్రాంతాలను చెబుతారు. ఇప్పుడు ఊరి పేరే ఆ పండుకు చిరునామా. పప్పుశనగకు ఆ భాగ్యం లేదు. కోవెలకుంట్ల రేగడిలో పండినా, ఉయ్యాలవాడలో పండినా మిల్లుకెళ్లాక అన్నీ ఒకటే పప్పు. వైన్ సీసా మీద ఊరు, ఏడాది రెండూ ఉంటాయి. మన పప్పు పొట్లం మీద ధర, తూకం ఉంటాయి. నేల పేరు ఉండదు.

మహానందికో, అహోబిలానికో వెళ్లేవాళ్లకు ఇది దారిలో ఊరికే కనిపించే పచ్చదనం. డిసెంబరులో వెళ్తే ఓ పది నిమిషాలు ఆగండి. రైతునడిగి ఓ ఆకు తుంచి రుచి చూడండి. బొబ్బట్టులోని పూర్ణానికీ, బజ్జీ మీది శనగపిండికీ మొదటి రుచి ఆ నల్లమట్టిదే!