నలభై వేల రెండు చుక్కలు

పోయిన దసరాకి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ మనిషి ఇంట్లో లేదు. గారెలు వేసి పెడితే ఒకటి కొరికి లేచిపోయింది. సంబంధాల మాట ఎత్తానని అలిగిందేమో అనుకున్నాను. రాత్రి నేను అంట్లు తోముతుంటే పక్కకొచ్చి నిలబడి, "అమ్మా, నా యాంటీబాడీ అబద్ధం చెప్తోందమ్మా" అంది.

ఆ యాంటీబాడీ నాకు కొత్త కాదు. నిరుడు దాని గదిలో పది రోజులున్నప్పుడు రోజూ అదే కథ. థర్మోకోల్ పెట్టెలో, ఐసు మధ్యన, చిటికెన వేలంత గొట్టం. అందులో ఉన్నది వంద మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. ఖరీదు నలభై వేల పైమాటే! మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుందని బుల్లి బుల్లి గొట్టాల్లోకి పంచి ఫ్రీజర్లో పెట్టుకుంటారట. మనం అల్లం వెల్లుల్లి ముద్ద దాచుకోమూ, అలాగే.

ఎందుకంత ఖరీదంటే ఓపిగ్గా చెప్పింది. కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వులుంటాయి. బయటినుంచి కబురు రాగానే ఫాస్ఫోలిపేజ్ సి గామా వన్ అనే ఎంజైము ఆ పొరలోని ఒక రకం కొవ్వుని రెండుగా కోస్తుంది. ఒక ముక్క పొరలోనే ఉండిపోతుంది. రెండోది లోపలికి పోయి దాచిపెట్టిన కాల్షియాన్ని బయటికి వదిలిస్తుంది. ఈ కొవ్వుల సంగతి మొదట పట్టుకున్నది 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ అనే భార్యాభర్తలు, పావురం క్లోమం ముక్కల మీద. భార్య పేరు ముందు రాశానని ఏమీ అనుకోకండి, నా బ్లాగు నా ఇష్టం.

ఆ ఎంజైము కంటికి కనపడదు కదా. అందుకని దాన్నే వెతికి పట్టుకునే యాంటీబాడీని కుందేలు రక్తంలోంచి తీస్తారు. కణాల్ని చిదిపి, ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసి, ఒక పల్చటి పొర మీదకి ఎక్కిస్తారు. ఆ పొరని ముందు పాలపొడి కలిపిన నీళ్లలో నానబెడతారు. అవునండీ, వెన్న తీసిన పాలపొడే! ఖాళీ జాగాలన్నీ పాలు కప్పేస్తే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోదట. ఆ తర్వాత కుందేలుదాన్ని పట్టుకోవడానికి మేక నుంచి తీసిన ఇంకో యాంటీబాడీ. చివరికి ఎంజైము ఉన్నచోట నల్లటి గీత పడుతుంది.

ఏడాదిన్నరగా మా అమ్మాయికి ఆ గీత చక్కగా, ఉండాల్సిన చోటే పడుతోంది. పండక్కి ముందు వేరే ల్యాబు వాళ్లు ఆ ఎంజైము అసలు తయారు కాకుండా జన్యువు తీసేసిన కణాలు ఇచ్చారు. వాటిలో గీత పడకూడదు. పడింది. అంతే నల్లగా.

నేను బి.ఏ. తెలుగులో నానార్థాలు బట్టీపట్టినదాన్ని. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప కూడా. ఇన్నాళ్లూ ఇది హరి అని పిలుస్తోంది, కప్ప పలుకుతోందన్నమాట. నాకు అలా అర్థమైంది.

అర్థమయ్యాక ఏం చేశానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. "ఆ కొత్త కణాలే సరైనవి కావేమో. మీ సారుకి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ ఏడాది పూర్తయిపోతుంది కదా" అన్నాను. అబ్బాయి తరపువాళ్లు చదువు ఎప్పుడవుతుందని రెండుసార్లు అడిగారు మరి. అది నా వంక ఒకలా చూసింది. చిన్నప్పుడు కొట్టువాడు పది రూపాయలు ఎక్కువిచ్చాడని ఎండలో వెనక్కి పంపినదాన్ని నేనే. ఆ మాట అది అనలేదు. అని ఉంటే బాగుండేది.

పండగ మర్నాడే బస్సెక్కేసింది. ఆ కణాల్లో జన్యువు లేదని మళ్లీ పరీక్ష చేసి, నిజమేనని తేలాక సారుకి చెప్పిందట. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత ఆ ఎంజైములోనే ఇంకో భాగాన్ని పట్టుకునే యాంటీబాడీ తెప్పించమన్నారట. పాతదాని కంపెనీకి రాస్తే లాట్ నంబరు అడిగారు, అంతే, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. ఏడాదిన్నర బొమ్మలు పక్కన పెట్టాల్సి వచ్చింది. అబ్బాయివాళ్లకి ఇంకో ఏడాదిన్నర పడుతుందని నేనే ఫోన్ చేసి చెప్పాను. "చూద్దాం వదినగారూ" అన్నారావిడ. ఆ చూద్దాంకి అర్థం నాకు తెలుసు.

మొన్న రాత్రి పదకొండింటికి వీడియో కాల్. నిద్రమొహంతో ఎత్తితే ఫోటో చూపించింది. మామూలు కణాల వరసలో గీత ఉంది. పక్క వరస ఖాళీ. "చూశావా అమ్మా, ఏమీ లేదు!" అని ఎగురుతోంది. మా వారు లేచి కూర్చుని, ఏమీ లేకపోతే ఆ సంబరమేమిటన్నారు. ఆయనకి మొదట్నుంచీ చెప్పుకొచ్చాను, ఆ రోజు అంట్ల దగ్గర నేనన్న మాట తప్ప.