గ్రైండర్ బల్ల



మందిరం వెనక షెడ్డులో గ్రైండర్ బల్ల మారింది కదా. పాతది ఏమైంది, ఇది ఎవరు చేశారు అని చాలామంది అడిగారు. ఆ సంగతి రాస్తున్నాను.

కోతల ముందు కొడవళ్ళకీ గొడ్డళ్ళకీ పదును పెట్టించుకోవటానికి మనవాళ్ళు పని మానుకుని టౌనుకు పోవాల్సి వచ్చేది. మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల స్థితి ఇదే. దేశంలో కమ్మరి లేడు. నాగటి కర్రుకి పదును కావాలన్నా ఫిలిష్తీయుల దగ్గరికే పోయి డబ్బిచ్చి చేయించుకోవాలి. ఆ భాగం మీద ప్రసంగించి, చందాలు పోగుచేసి, 6 అంగుళాల రాళ్ళున్న గ్రైండర్ కొన్నాము.

బల్ల నేనే చేశాను. మా నాన్న వడ్రంగి, సెమినరీకి పోకముందు నేనూ చిత్రిక పట్టినవాణ్ణే, ఆ మాత్రం రాదా అనుకున్నాను. అది సగం కారణమే. మన సంఘంలో నాకంటే ఎంతో మంచి వడ్రంగి ఉన్నారు. ఏడాదిన్నర కింద తాగుడు గురించి ప్రసంగిస్తూ, పేరు చెప్పకుండానే, ఎవరిని అంటున్నానో అందరికీ తెలిసేలా మాట్లాడాను. ఆయన మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆయన గుమ్మం తొక్కాల్సి వస్తుందనే ఆ పని నా నెత్తినేసుకున్నాను.

పందిరికి వాడగా మిగిలిన సరుగుడు కర్రలతో నాలుగు కాళ్ళు, పైన ప్లైవుడ్ ముక్క, అంతా మేకులే. రాయి నిమిషానికి 2800 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ అదురుకి మేకులు వదులైనప్పుడల్లా పక్కనే ఇంకో మేకు కొట్టేవాణ్ణి. ఒకరోజు మన యవ్వనస్థుల్లో ఒక అబ్బాయి పదును పెడుతుంటే బల్ల ఊగింది. కొడవలి రాయి పక్కన ఇరుక్కుని ఎగిరి, అతని చెవి పక్కగా పోయి రేకుకి తగిలింది. దేవుని కృప, దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి ఆయన ఇంటికి వెళ్ళాను. "అన్నా, ఆ రోజు నేను తప్పు మాట్లాడాను, క్షమించన్నా" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అందరి ముందూ అన్నారు అయ్యగారూ, ఇంటికొచ్చి చెబుతున్నారు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే సంచి భుజాన వేసుకుని, "బల్ల ఎక్కడుంది?" అన్నారు.

బల్లను చేత్తో ఒకసారి పక్కకి తోసి చూశారు. నాలుగు కర్రల చట్రం తోస్తే ఒరుగుతుంది, ఏటవాలుగా బద్ద పడితే ఇక ఒరగదు అన్నారు. పచ్చి కర్ర ఆరి కుంచించుకుపోతే ఏ మేకూ ఆగదట. రెండేళ్ళుగా ఆరబెట్టుకున్న నల్లతుమ్మ తన ఇంటినుంచే తెచ్చారు. కాళ్ళు కిందికి వెళ్ళేకొద్దీ బయటికి చాచి పెట్టారు. బెజ్జాలు కొట్టి, బద్దలు దిగ్గొట్టి, వెదురు చీలలు వేశారు. మేకు ఒక్కటి లేదు. నిప్పురవ్వలు పడతాయని పైన రేకు పరిచి, సైకిల్ టైరు ముక్కల మీద గ్రైండర్ని నాలుగు బోల్టులతో బిగించారు. పనిముట్టు ఆనించే ఇనప పట్టీని రాయికి 3 మిల్లీమీటర్ల దూరానికి జరిపారు. నేను దాన్ని వేలు పట్టేంత ఎడంగా వదిలేశాను, కొడవలి ఇరుక్కుంది అక్కడే.

అరలు పెడదామంటే నేను పైన పెడదామన్నాను, చేతికి అందుతాయని. ఆయన ఒప్పుకోలేదు. బరువు కిందుండాలి. అడుగు అరలో ఇసుక బస్తా, దాని మీది అరలో పారలు, గొడ్డళ్ళు. పై సొరుగులో కళ్ళజోళ్ళు. (అవి పెట్టుకోకుండా రాయి దగ్గర ఎవరూ నిలబడొద్దు, పెద్దలతో సహా.) నేను రెండు రోజులు పక్కనే ఉండి రంపం పట్టుకున్నాను. మేము పెద్దగా మాట్లాడుకోలేదు.

గత ఆదివారం ఆరాధనలో, అదే పుల్పిట్ దగ్గర నిలబడి, అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. వచ్చినవాళ్ళు విన్నారు. ఆయన రాలేదు. ఆ మొదటి ప్రసంగం విని, ఈ ఆదివారం రాలేకపోయినవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం షెడ్డులో గ్రైండర్ చప్పుడు వినిపించి వెళ్ళాను. ఆయన తన ఉలులకు పదును పెట్టుకుంటున్నారు. ముసురుకి కర్ర ఉబ్బి పై సొరుగు పట్టేస్తోందని చెప్పాను. "ఎండలు రానివ్వండి అయ్యగారూ, వచ్చి చిత్రిక పడతాను" అన్నారు.