ఇంటి బడికి టైమ్‌టేబులు ఎవరిది?

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూసేశాక మన ఐటీ ఇళ్ళల్లో ఏం జరిగిందో గుర్తుందిగా? ల్యాప్‌టాప్ ముందు మనం, ఫోన్ ముందు పిల్లలు, మధ్యలో అరుపులు. చాలామంది దాన్నే హోమ్‌స్కూలింగ్ అనుకున్నారు. నా మటుకు నాకు అది ఇంటికొచ్చిన తరగతి గది, అంతే.

మా వేంపల్లెలోనే ఉండి ఆఫీసు పని చేసుకునే ఫ్రెండొకడు ఏడేళ్ళ కొడుకుని ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాడు. భార్యదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. "రివ్యూ చెయ్‌రా" అని ఎక్సెల్ షీటు పంపాడు. తొమ్మిది నుంచి నాలుగు దాకా, నలభై నిమిషాలకో పీరియడు! బడి వద్దనుకుని మళ్ళీ బడే కట్టాడు.

ముప్ఫైమందిని కూర్చోబెట్టడానికి గంట కావాలి గానీ ఒక్కడికెందుకు? పక్కన కూర్చుని చెప్తే ఆ వయసుకి చదవడం, రాయడం, లెక్కలు అన్నీ కలిపి రెండు గంటలు చాలంటాను. ఏ రెండు గంటలన్నది ఇల్లు చెప్పాలి. ఏప్రిల్‌లో మా ఊళ్ళో పదకొండుకే ఎండ మాడ్చేస్తుంది. ఒంటిపూట బడులు పెట్టేది అందుకే కదా. కాబట్టి లెక్కలు పొద్దున్నే. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం అమ్మానాన్నలు అమెరికా కాల్స్‌లో ఉంటే జేజి దగ్గర కథలు. ఆదివారం పాపాఘ్ని ఇసుకలో నడక, గండి దగ్గర కొండల మధ్య నుంచి ఏరు ఎలా వచ్చిందో చూడ్డం, అది కమలాపురం దగ్గర పెన్నలో కలిసేది మ్యాపులో వెతకడం. ఇదీ పాఠమే.

అసలు సంగతి వేరే ఉంది. ఆ షీటులో "ఎవరు" అన్న కాలమ్ లేదు. మన ఇళ్ళల్లో ఆ కాలమ్ ఖాళీగా వదిలితే డీఫాల్టు వాల్యూ అమ్మ! అలా మొదలుపెడితే కొన్నాళ్ళకి రాజీనామా చేసేది ఎవరో చెప్పక్కర్లేదు. అదే అడిగితే మావాడు కాసేపు మాట్లాడలేదు. అందుకే సబ్జెక్టులకన్నా ముందు ప్రతి గంటకీ ఒక పేరు రాయండి. ఆ మనిషికి జ్వరమొస్తే ఎవరో అదీ రాయండి. పేరు దొరకని గంటని కొట్టెయ్యండి.

ఇంకోటి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే వాళ్ళకి శిక్ష ఏమీ రాయలేదు, అలాగని ఇంటి చదువుకి ప్రత్యేకంగా చోటూ ఇవ్వలేదు. 14 నిండితే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్షలు రాయొచ్చు. పిల్లాడు ఆటపాటల్లో ఏం నేర్చుకున్నా, ఏదో ఒకరోజు ఎవరో సర్టిఫికెట్ అడుగుతారు. ఆ దారి ఇప్పుడే చూసిపెట్టుకోవాలి.

ప్రొడక్షన్‌లో పెట్టేముందు టెస్టింగ్ చేస్తాం కదా! వేసవి సెలవుల్లో ఒక నెల నడిపి చూడండి, బడిలో సీటు వదలకుండా. నెలాఖరుకి పిల్లాడి కన్నా ముందు వాళ్ళమ్మని అడగండి, ఎలా ఉందని.