గొట్టానికీ జ్ఞాపకం ఉంటుంది

నువ్వు చేసే పనేంట్రా అని మా అమ్మ అడిగినప్పుడల్లా "మందుల కంపెనీలో ఓ పెద్ద అయస్కాంతానికి పని చెప్తానమ్మా" అని తప్పించుకుంటూ ఉంటాను. ఆ అయస్కాంతం నా చెవి మెలేసిన సంగతి ఇది.

ఆ యంత్రం పేరు ఎన్నెమ్మార్. ఎమ్మారైకి అన్నగారనుకోండి. బలమైన అయస్కాంతంలో పదార్థాన్ని పెట్టి రేడియో తరంగాలు పంపిస్తే, అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు తమ చుట్టూ ఉన్న అణువులని బట్టి తలో ఫ్రీక్వెన్సీలో బదులిస్తాయి. ఆ గ్రాఫు చూసి, తయారైంది తనకి కావలసిందో కాదో కెమిస్టు చెప్పేస్తారు. మామూలుగా 5 మి.మీ. గాజు గొట్టాల్లో ఒక్కో శాంపిలూ పోసి లోపలికి దించుతారు. ఫ్లో ప్రోబ్ అయితే అయస్కాంతంలో చిన్న గాజు గది ఎప్పుడూ ఉండిపోతుంది. 96 గుంటల ప్లేటులోంచి రోబో సూది కొంచెం పీల్చి, సన్నని గొట్టంగుండా ఆ గదిలోకి తోస్తుంది. గ్రాఫు తీశాక కడిగి, తర్వాతది. కావాలంటే రియాక్షన్ జరుగుతున్న పాత్రకే గొట్టం తగిలించి, జరుగుతుండగానే చూడొచ్చు కూడా.

అన్నట్టు, పారే ద్రవాల్లో ఈ సిగ్నల్ సంగతి 1951లోనే పేపరుగా రాసినాయన మనవాడే, బెంగుళూరు ఐఐఎస్సీలో పనిచేసిన జి. సూర్యన్. కదలకుండా ఉన్న ద్రవంలో కేంద్రకాలు రేడియో తరంగాలకి అలిసిపోతాయి. పారుతుంటే కొత్తవి వస్తూ ఉంటాయి కాబట్టి సిగ్నల్ పెరుగుతుంది. అలాగని మరీ వేగంగా తోస్తే, అయస్కాంతానికి లొంగేంత టైము వాటికి దొరకదు. తొందరపడితే పని చెడుతుందని ఫిజిక్సే చెప్తోందన్నమాట. నేను వినలేదు.

సాయంత్రం ఏడింటికి ప్లేటు పెడితే తెల్లారేసరికి రిపోర్టులు కావాలన్నారు. శాంపిలుకి 10 నిమిషాలు, అంటే మొత్తం 16 గంటలు. మూడుసార్లు కడిగేదాన్ని ఒక్కసారికి తగ్గించాను. 7 నిమిషాలయ్యింది. పొద్దున్న ఆరుంపావుకి అన్నీ రెడీ! "కీప్ ఇట్ అప్" అని మెయిలొచ్చింది.

మూడు వారాల తర్వాత ఒకమ్మాయి శాంపిలు మీద నా ప్రోగ్రాం 'ఫెయిల్' అని రాసింది. మీటింగులో అందరి ముందూ "శుద్ధి చెయ్యడం కూడా రాదా?" అన్నాడు వాళ్ళ మేనేజరు. పాపం మళ్ళీ చేసింది. మళ్ళీ ఫెయిల్. ఆఖరికి రెండు ప్రింటౌట్లు పట్టుకుని నా దగ్గరికొచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది.

"చూడండి సార్, ఈ మురికి నాది కాదు. పక్కింటివాళ్ళది."

నిజమే. ముందు గుంటలోది బాగా చిక్కటి శాంపిలు. అది గొట్టంలో కాస్త మిగిలిపోయి, ఈవిడ ఖాతాలో పడింది. నా లూపులో ఒక శాంపిలుకీ ఇంకోదానికీ సంబంధమే లేదు, అంతా స్టేట్‌లెస్ అని గొప్పగా డిజైన్ డాక్యుమెంట్లో రాసుకున్నాను. కోడుకి జ్ఞాపకం లేదు సరే, గొట్టానికి ఉంది కదా!

కడగడం మళ్ళీ మూడుసార్లకి పెంచాను. చిక్కటి శాంపిలు తర్వాత ఉత్త సాల్వెంటు ఒకసారి నడిపి చూస్తాం. ముందు గ్రాఫులోని పీకులు కనబడితే ఫెయిల్ అనకుండా 'మళ్ళీ చూడండి' అని రాస్తుంది. ఆ మూడు వారాల పాత రిపోర్టుల్నీ ఇలాగే వెతికితే అనుమానంగా ఉన్నవి ఇంకొన్ని తేలాయి. తప్పు నాదేనని ఒక్కొక్కరికీ మెయిల్ రాయడం కోడు రాయడం కంటే కష్టమైంది. ఆ మేనేజరున్న మీటింగులోనే ఆ అమ్మాయికి సారీ చెప్పాను. ఆయన మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ప్లేటు అయ్యేసరికి పొద్దున్న పదకొండు దాటుతోంది. ఎవరూ కీప్ ఇట్ అప్ అనడం లేదు :)