మా ఇంటి గోడకుర్చీ

చిన్నప్పుడు బడిలో ఎక్కాలు అప్పజెప్పలేకపోతే మా సారు గోడకుర్చీ వేయించేవారు. మీలో చాలామందికి ఆ ముచ్చట గుర్తుండే ఉంటుంది. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే కూర్చోవాలి. నిమిషం కాకముందే తొడలు గజగజ వణికేవి. ఆ శిక్షను నలభై ఏడేళ్ళ వయసులో, మా హాల్లో, నా కడుపున పుట్టిన కూతురు చెబితే మళ్ళీ వేస్తానని కలలో కూడా అనుకోలేదు.

సంగతి మొదటి నుంచీ చెబుతాను. మా అమ్మాయి అమెరికాలో డెన్వర్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆ ఊరే సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉందట. దానికి పక్కనే మంచుకొండలు. చలికాలం వచ్చిందంటే శని ఆదివారాలు పిల్లలంతా ఆ కొండల మీదే ఉంటారు. రెండు కాళ్ళకు రెండు పొడుగాటి బద్దలు కట్టుకుని జారేది స్కీయింగ్. మా అమ్మాయి ఆడేది అది కాదు, స్నోబోర్డింగ్. దీనికి ఒకటే పలక. రెండు పాదాలూ ఆ పలకకే బిగించుకుని, పక్కకు తిరిగి నిలబడి కిందికి జారాలి. చేతుల్లో కర్రలు కూడా ఉండవు. ఫోటో చూసి మా అత్తమ్మ, "కాళ్ళు కట్టేసుకొని గుట్ట మీంచి జారుడేందే? గిదేం ఆటనే బిడ్డా!" అంది. నాకూ అదే అనిపించింది గానీ పైకి అనలేదు.

రెండేళ్ళ కిందట జనవరిలో, మొదటిసారి వెళ్ళిన రోజే పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరోజు వీడియోలో మాట్లాడుతూ ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటోంది. "ఎడమచేత్తో తింటున్నావేంటే?" అన్నాను. అంతే, బయటపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఫోను చేసి, ఇక ఆ ఆట మానెయ్యమని గట్టిగా చెప్పాను. అది ఊ అనలేదు, ఊహూ అనలేదు. అలా మాట్లాడకుండా ఊరుకుందంటే మానదని నాకు తెలుసు.

పోయిన ఏడాది బతుకమ్మ పండక్కి ముందు ఆరు వారాలు ఉండేట్టు వచ్చింది. సగం సెలవు, సగం రాత్రిపూట ఇక్కడి నుంచే ఆఫీసు పని. శంషాబాద్ నుంచి కారులో వస్తుంటే భువనగిరి దగ్గర కిటికీ అద్దం దించి, "అమ్మా, ఆ గుట్ట చూడు" అంది. ఎన్నిసార్లు చూడలేదు! అంతా ఒకటే రాయి, పైన కోట. "మాలావత్ పూర్ణ ఇక్కడే నేర్చుకుందమ్మా" అంది.

పూర్ణ పేరు మీకు తెలిసే ఉంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ ఎత్తు 8,848 మీటర్లు! ఖమ్మం వైపు పిల్లాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. ఆ పిల్లలకు మొదటి పాఠాలు ఈ భువనగిరి రాతి మీదే. ఆ తర్వాత డార్జిలింగు, ఆపైన చలికాలంలో లడఖ్. "మంచు ముఖం చూడకముందే కాళ్ళూ చేతులూ సిద్ధం చేసుకున్నారు. నేనేం చేశాను? వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం పొద్దున కొండెక్కాను. నా చెయ్యి విరిగింది అందుకేనమ్మా" అంది. ఇంటికి చేరేదాకా నేను మాట్లాడలేదు.

అక్కడ నవంబరులో మంచు మొదలవుతుందట. అంటే మనకు వానలు పడే ఈ రోజుల్లోనే ఒంటిని తయారు చేసుకోవాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పట్టాలి అంది. అమెరికా నుంచి ఏవో సామాన్లు తెచ్చి ఉంటుందనుకున్నాను. ఏమీ తేలేదు. మర్నాడు పొద్దున్నే హాల్లో గోడకు వీపు ఆనించి కూర్చుంది. "ఇది గోడకుర్చీ కదే!" అన్నాను. "అవునమ్మా, స్నోబోర్డు మీద రోజంతా ఇట్లా మోకాళ్ళు వంచే ఉండాలి" అంది. తర్వాత గుంజీలు. చెవులు పట్టుకోలేదు, అంతే తేడా. ఆ తర్వాత కొంగలాగా ఒంటికాలి మీద నిలబడటం. అలవాటయ్యాక కళ్ళు మూసుకుని నిలబడాలట. చూసేవాళ్ళకు తేలిక. మీరు ఒకసారి ప్రయత్నించండి, పట్టుకోవడానికి పక్కన ఏదైనా ఉంచుకునే సుమా.

పక్కలకు గెంతడం మాత్రం గొడవ తెచ్చింది. నేల మీద చీపురు అడ్డంగా పెట్టి, రెండు కాళ్ళూ కలిపి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గెంతుతోంది. అత్తమ్మ చూసి, "చీపురు దాటుతరానే? లక్ష్మి గదనే అది!" అని కేక వేసింది. చీపురు పోయి చుట్టచుట్టిన చాప వచ్చింది. ఆమె కూడా కాసేపు చూసి, "గీ ఆట ఎవడు కనిపెట్టిండే?" అని అడిగింది. మా అమ్మాయి చెప్పింది. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన, ఇంట్లో ఆడపిల్లలు ఊరికే ఉండటం లేదని రెండు స్కీ బద్దలు కలిపి బిగించి ఆడుకోమని ఇచ్చాడట. దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆయన భార్యేనట. అదే పెరిగి పెరిగి 1998లో జపానులోని నగానోలో ఒలింపిక్స్ దాకా పోయింది. "ఆడపిల్లల కోసం తండ్రి చేసిండా!" అని అత్తమ్మ చాలాసేపు ఆశ్చర్యపోయింది.

ఇక నా సంగతి. రెండేళ్ళుగా నాకు మోకాళ్ళ నొప్పులు. పూజ కూడా కుర్చీలో కూర్చునే. "నువ్వూ చెయ్యి" అని అమ్మాయి అంటే, "ఇంటి చాకిరీ చాలదా, పొద్దున లేస్తే నిలబడ్డ కాళ్ళ మీదే కదా!" అన్నాను. "రోజుకు ఎన్నిసార్లు కింద కూర్చుని లేస్తావో ఒక్కరోజు లెక్కపెట్టు" అంది. పెట్టాను. ఒక్కసారి కూడా లేదు. మా అమ్మ రోలు ముందు కూర్చునేది, పొయ్యి ముందు కూర్చునేది, కత్తిపీట ముందు, బట్టల ముందు, ముగ్గు దగ్గర. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదో! నాకు నిలబడి వండే వంటగట్టు, మిక్సీ, వాషింగ్ మెషీన్, డైనింగ్ టేబులు. చాకిరీ తగ్గలేదు గానీ కూర్చుని లేవడం పోయింది. చేతులు ఆనించకుండా నేల మీంచి లేవమంది. లేవలేకపోయాను. అత్తమ్మకు డెబ్భై రెండేళ్ళు, ఆమె లేచింది.

ఆ ఉక్రోషంలో మొదటిరోజే నలభై గుంజీలు తీశాను. ఆ తర్వాత మూడు రోజులు ఎండ్రకాయలాగా పక్కకు తిరిగి, గోడ పట్టుకుని మెట్లు దిగాను. మావారు నవ్వు ఆపుకోలేక పేపరు అడ్డం పెట్టుకున్నారు. మాకు తెలిసిన డాక్టరుకు చూపిస్తే, తొడల్లో బలం లేకపోతే ఆ భారమంతా మోకాలి మీదే పడుతుందని, వ్యాయామం మంచిదే గానీ సగం వరకే వంగమని, ఒకరోజు చేసి ఒకరోజు విడవమని చెప్పాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందు ఆ మాట అడిగి మరీ మొదలుపెట్టండి. నేను గోడకుర్చీ సగం ఎత్తులోనే వేశాను, ఇరవై అంకెలతో మొదలు. లెక్క అత్తమ్మది. వడ్లు కొలిచినట్టు "లాభం, రెండు, మూడు..." అని తీరికగా సాగదీసి లెక్కపెడుతుంది. ఆమె ఇరవై మీకు నలభైతో సమానం.

సాయంత్రాలు పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కేవాళ్ళం. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు తొడలు. మెల్లగా, దబదబా కాకుండా దిగితే ఎక్కడం కన్నా దిగడమే కష్టమని అప్పుడు తెలిసింది. "అక్కడ ఎక్కడానికి తీగకు వేలాడే కుర్చీలుంటాయమ్మా. మన పనల్లా దిగడమే. మడమల మీదో మునివేళ్ళ మీదో బరువు వేస్తే పలక అంచు మంచులో దిగబడి వేగం తగ్గుతుంది. ఆ బరువంతా ఆపాల్సింది తొడలే" అంది. తిరిగొచ్చాక దానికి ఆకలి! పెసరట్లు, ఉడకబెట్టిన గుడ్లు, బొబ్బెర గుగ్గిళ్ళు, జొన్నరొట్టె. డబ్బాల్లో వచ్చే పొడులేవో తాగుతుందేమో అనుకున్నాను గానీ, పల్లీలు బెల్లం ముద్దలు చేసి పెడితే సీసా ఖాళీ చేసింది.

ఒకరోజు వాకిట్లో ముగ్గు వేసి లోపలికొచ్చాను. మళ్ళీ బయటికి వెళ్ళి చూస్తే, ముగ్గుపిండితోనే ఇంకో పక్క గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఒంటికాలి మీద గెంతుతూ, వంగి బిళ్ళ తీసి, మళ్ళీ గెంతుతూ. "ఇది కూడా దానికేనా?" అన్నాను. "ఇదే అన్నిటికన్నా మంచిదమ్మా. ఒక కాలి బలం, తూకం, చీలమండ, అన్నీ ఇందులో ఉన్నాయి" అంది. బిళ్ళ విసురుతూ, నా వైపు చూడకుండానే, "పన్నెండేళ్ళప్పుడు నువ్వే ఆపించావు కదా" అంది.

నిజమే. అది పెద్దమనిషయ్యాక నేనే వద్దన్నాను. గెంతొద్దు, పరుగెత్తొద్దు, వాకిట్లో ఆడొద్దు. దాని బిళ్ళను తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టాను. కొన్నాళ్ళు వెతికింది, తర్వాత అడగడం మానేసింది. చదువు, ట్యూషన్లు, కాలేజీ బస్సు, కంప్యూటరు. ఇంట్లో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. నన్నూ అలాగే ఆపారు, ఆపడమే పెంపకం అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు చెయ్యి విరిగితే ఆ ఆటను తిట్టాను గానీ, పన్నెండేళ్ళు దాని కాళ్ళు ఏం చేశాయో ఆలోచించలేదు. వాకిట్లో నిలబడి ఏం చెప్పాలో తెలియలేదు. "కాఫీ పెట్టనా?" అన్నాను. "పెట్టమ్మా" అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగింది మాత్రం ఇంకో రోజు. మంచం మీది పరుపులు రెండూ కిందికి దింపి, హాల్లో పరిచి, పడటం నేర్చుకుంటోంది. పడకుండా ఉండటం కాదండీ, పడటమే! స్నోబోర్డు కొత్తగా నేర్చేవాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకేనట. పడుతున్నామనగానే ఎవరైనా అరచెయ్యి చాపుతారు, ఒంటి బరువంతా ఆ మణికట్టు మీదే పడుతుంది. అందుకని పిడికిళ్ళు బిగించాలి. ముందుకు పడితే మోకాళ్ళ మీదా ముంజేతుల మీదా వాలాలి. వెనక్కి పడితే చేతులు వెనక్కి చాపకుండా, గడ్డం రొమ్ముకు ఆనించి, కిందికి కూర్చున్నట్టు పిరుదుల మీదికి దిగి వీపు మీద దొర్లాలి. మణికట్టుకు గట్టి తొడుగులు, తలకు హెల్మెట్టు సరే సరి. ముప్పైసార్లు పడింది, ముప్పైసార్లు లేచింది. అది నడక నేర్చినప్పుడు పడకూడదని నేను వెనకాలే చేతులు చాపుకుని తిరిగాను. ఇప్పుడు పరుపు అంచు జరగకుండా పట్టుకుని కూర్చున్నాను.

బతుకమ్మ తొమ్మిది రోజులూ వ్యాయామం విడిగా చెయ్యలేదు. పద్మాక్షి గుట్ట దగ్గర ఆడేవాళ్ళు మీకు తెలుసు కదా, వంగి చప్పట్లు కొడుతూ, లేస్తూ, పక్కకు అడుగు వేస్తూ గంటల తరబడి తిరుగుతాం. మూడేళ్ళుగా నేను ఒక చుట్టు తిరిగి గట్టు మీద కూర్చునేదాన్ని. సద్దుల బతుకమ్మ నాడు మా వాడ ఆడవాళ్ళు సత్తుపిండి పంచేదాకా ఆడాను. మోకాలు నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, వానపడితే ఇప్పటికీ సలుపుతుంది. కానీ నేల మీంచి ఒక చెయ్యి ఆనించి లేస్తున్నాను, రెండు కాదు.

పండగ వెళ్ళిన రెండోరోజే అది వెళ్ళిపోయింది. సూట్‌కేసులో పల్లీ ముద్దలు, సకినాలు, వాటి మధ్యన పాత బిళ్ళ. బియ్యం డబ్బా ఎప్పుడో మారింది గానీ ఆ బిళ్ళను నేను పారెయ్యలేదు. దానికి చెప్పకుండా పెట్టాను.

నవంబరు చివర ఒక పొద్దున నేను గోడకుర్చీలో ఉన్నాను. మావారు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టారు. తెల్లటి మంచు, ఎర్రటి ముక్కు, తల మీద హెల్మెట్టు. "ఎన్నిసార్లు పడ్డావు?" అన్నాను. "లెక్కపెట్టలేదమ్మా, పది పైనే!"

"చెయ్యి?"

రెండు చేతులూ పైకెత్తి పదివేళ్ళూ ఆడించింది. నాకు ఇంకా పదిహేను అంకెలున్నాయి. అత్తమ్మ లెక్క ఆపలేదు.