ఎంతలో పెట్టాల?

ప్రొద్దుటూరులో నాతో చదివే పులివెందుల మిత్రుడు వేసవి సెలవుల్లో జమ్మలమడుగులోని మా యింటికొచ్చి, జేబులోంచి ఈ-సిగరెట్ తీశాడు.

"ఫిజిక్సు చదివినోడివి గదా, చెప్పు! ఎన్ని వాట్లు పెట్టాల? వేడి 200 డిగ్రీలా, 250 డిగ్రీలా?"

చెప్పాను. వాట్లు పెంచితే లోపలి తీగచుట్ట కాగి ఆవిరి చిక్కబడుతుంది. ద్రవం అందకపోతే దూది మాడి గొంతు మండుతుంది. వేడి మితిమీరితే ఫార్మాల్డిహైడ్ అనే విషం పుడుతుంది. తగ్గిస్తేనో? నికోటిన్ మాత్రం వదలదు. 2019 చట్టం మన దేశంలో దీని అమ్మకాన్నే నిషేధించింది.

అరుగుమీద జేజినాయన దగ్గుతూ అంతా విన్నాడు. నలభై ఏండ్లు బీడీలు కాల్చిన మనిషి.

"నాయనా, దాంట్లో మానుకునే మీట యాడుంది?"

మిత్రుడు నవ్వబోయి ఆగిపోయాడు. సోదర విద్యార్థులారా, నేనూ వాడితో సిగరెట్ పంచుకునేవాణ్ణే. ఆ మీట కోసం ఇద్దరం ఇంకా వెతుకుతున్నాం.